రాయి లేని సముద్ర కోట.. బురదనే గోడగా నమ్ముకున్న బందరు కోట అసలు కథ ఇదీ!

చల్లపల్లి: సముద్ర కోట అనగానే అందరికీ గుర్తొచ్చేది మహారాష్ట్రే. చుట్టూ నీళ్లు, మధ్యలో నల్లటి రాతి గోడలు, పైనుంచి డ్రోన్ షాట్. జంజీరా, సింధుదుర్గ్ వీడియోలు ఫోన్‌లో చూడని వాళ్లుండరు. మరి మన కృష్ణా తీరంలో అలాంటి కోట ఒక్కటీ లేదా?

ఉంది. చల్లపల్లి సెంటర్‌లో బందరు బస్సెక్కితే సుమారు 30 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఊరు దాటి గిలకలదిండి వైపు వెళ్తే బందరుకోట అనే పేరుతోనే ఒక ఊరు కనిపిస్తుంది. ఆ పేరు ఊరికే రాలేదు. కలెక్టరేట్ పని మీదో, కాలేజీ అడ్మిషన్ కోసమో, బందరు లడ్డూ కోసమో చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ జనం రోజూ బందరు వెళ్లొస్తూనే ఉంటారు. కానీ ఆ నాలుగు అడుగులు ముందుకేసి కోట దాకా వెళ్లేవాళ్లు తక్కువ. వెళ్లినవాళ్లు కూడా "ఇంతేనా?" అని తిరిగొచ్చేస్తారు. పగిలిన ఇటుక గోడలు, ఆయుధాగారం అని చెప్పే పాత కట్టడం, చుట్టూ పిచ్చిచెట్లు. అంతే.

కానీ 1759 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఇక్కడ జరిగిన యుద్ధంతోనే కోస్తా ఆంధ్ర ఇంగ్లీషు వాళ్ల చేతికి వెళ్లే దారి తెరుచుకుంది. ఆ యుద్ధంలో గెలుపోటములను తేల్చింది ఫిరంగులు కాదు. బురద!

ఇక్కడ రాతి కోట ఎందుకు లేదు?

ముందు ఈ సంగతి తేలాలి. శివాజీ 1664లో సింధుదుర్గ్ పని మొదలుపెట్టినప్పుడు ఆయనకు సముద్రంలో ఒక రాతి దీవి దొరికింది. పునాది రాళ్లు కదలకుండా సీసం కరిగించి పోశారని చెబుతారు. జంజీరాదీ అదే పద్ధతి. కింద రాయి, పైన రాయి. అల ఎంత కొట్టినా చెక్కు చెదరదు.

మన దగ్గర? చల్లపల్లి చుట్టుపక్కల పొలంలో ఎక్కడైనా బోరు వేయించి చూడండి. మట్టి, ఇసుక, మళ్లీ మట్టి. రాయి తగలదు. కారణం సింపుల్. ఈ నేలంతా కృష్ణా నది తెచ్చి పోసిందే. వేల ఏళ్లుగా వరద వచ్చిన ప్రతిసారీ ఒండ్రు పేరుకుంటూ, సముద్రాన్ని వెనక్కి నెట్టుకుంటూ వచ్చింది. దీనికి రుజువు చల్లపల్లి పక్కనే ఉంది. ఘంటసాల. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ పండితుడు టాలెమీ 'కంటకోస్సిల' అనే వ్యాపార కేంద్రం గురించి రాశాడు. అది ఘంటసాలే అని చరిత్రకారులు చెబుతారు. రోమన్ వ్యాపారం నడిచిన రేవు ఊరు. ఇప్పుడు అక్కడ నిలబడితే సముద్రం కాదు కదా, సముద్రపు గాలి కూడా సరిగా తగలదు.

కొండపల్లిలో కొండ ఉంది కాబట్టి రాతి కోట కట్టారు. కొండవీడులోనూ అంతే. బందరు దగ్గర ఉన్నవి మూడే: ఉప్పు బురద, ఇసుక దిబ్బ, ఆటుపోట్లకు నిండుతూ ఖాళీ అవుతూ ఉండే ఉప్పు కాలువ. ఆ మూడింటితోనే కోట లేపారు.

దీవి కాని దీవి

బందరు కోట మ్యాప్‌లో దీవి కాదు. కానీ 18వ శతాబ్దంలో దాన్ని చూసిన వాళ్లకు దీవిలాగే కనిపించింది. ఊరికి మైలున్నర దూరంలో, ఉప్పు చిత్తడి మధ్యలో కోట. దక్షిణాన సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన పాయ. చిన్న పడవలు దాదాపు కోట గోడ దాకా వచ్చేవి. తూర్పున సముద్రం ఒడ్డు వెంట ఇసుక మేట. మిగతా వైపులంతా కాలు పెడితే దిగబడే పర్ర. ఊరి నుంచి కోటకు రావాలంటే ఆ చిత్తడి మీద పోసిన ఒకే ఒక్క మట్టి కట్ట దారి. ఆ కట్ట చివర గేటు, గేటు ముందు కాపలాకు ఇంకో చిన్న బురుజు. కట్ట మీద నడిచొచ్చే వాడెవడైనా సరే, తిన్నగా ఫిరంగి ముఖానికి ఎదురు రావాల్సిందే.

ఇంతకీ ఊరిని వదిలేసి ఈ బురదలో కోట ఎందుకు? బందరు రేవు దగ్గర సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. మైళ్ల దూరంలో లంగరు వేసుకుని ఆగితే, సరుకును చిన్న పడవల్లో పాయ గుండా లోపలికి తెచ్చేవాళ్లు. అంటే బందరు వ్యాపారం మొత్తానికి గొంతు ఆ పాయ. దాని మీద ఎవడు కూర్చుంటే వాడిదే బందరు. కోట చోటు ఎంపికలో తెలివంతా ఇదే.

మట్టి గోడే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు

కోట ఆకారం సరిగ్గా చతురస్రం కాదు. వంకర టింకర దీర్ఘచతురస్రం. పొడవు దాదాపు 800 గజాలు, వెడల్పు 600 గజాల లోపు. చుట్టూ మొత్తం 11 బురుజులు. గోడలు లోపల మట్టి, బయట ఇటుక.

ఇలాంటి గోడ కట్టే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. ముందు చుట్టూ కందకం తవ్వుతారు. తవ్విన మట్టిని లోపలి వైపు పోసుకుంటూ వస్తారు. అదే గోడ. అంటే ఒక్క పనితో రెండు రక్షణలు. కందకం ఎంత లోతైతే గోడ అంత ఎత్తు. సముద్రం పక్కనే కాబట్టి కందకంలోకి నీళ్లు వాటంతట అవే ఊరతాయి. పొలం గట్టు వేసే రైతుకి ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు. సైజు పెరిగిందంతే.

మరి ఇటుక ఎందుకు? ఒట్టి మట్టి గోడ మన వానలకు రెండు సీజన్లు కూడా నిలబడదు. అందుకే బయటి ముఖానికి ఇటుక కట్టుబడి. డెల్టా మట్టి ఇటుకకు పనికొచ్చే మట్టే. సున్నానికి రాయి లేకపోయినా ఈ తీరంలో గవ్వలు, ఆల్చిప్పలు కాల్చి గుల్ల సున్నం చేయడం ఎప్పటి నుంచో ఉన్నదే. గోడ అడుగున, కందకం అంచున కొంచెం జాగా వదిలి మొనదేలిన కర్ర గుంజలు పాతారు. నిచ్చెన వేసుకుందామని వచ్చినవాడికి ముందు అవి గుచ్చుకోవాలి.

ఇంకో లాభం కూడా ఉంది. ఫిరంగి గుండు రాతి గోడకు తగిలితే రాయి పగులుతుంది, ముక్కలు ఎగిరి లోపలి వాళ్లకే తగులుతాయి. అదే మందపాటి మట్టి గోడకు తగిలితే గుండు అందులో కూరుకుపోతుంది. పైగా మెత్తటి నేల మీద బరువైన రాతి గోడ లేపితే అది ఎప్పటికైనా కుంగిపోతుంది. మట్టి దిబ్బ తన బరువును వెడల్పుగా పరుచుకుంటుంది. రాయి దొరకలేదని సర్దుకున్న పని ఇది, కానీ ఈ నేలకు అదే సరైన పని.

నీళ్లనే రక్షణగా వాడుకోవడం ఒక్క బందరులోనే జరగలేదు. 1672లో ఫ్రాన్స్ రాజు సైన్యం మీదకొస్తే డచ్ వాళ్లు తమ సొంత పొలాల్లోకే నీళ్లు వదిలేసి ఆపారు. ఆ డచ్ వాళ్లు అప్పటికే బందరులో దుకాణం పెట్టి ఆరు దశాబ్దాలు దాటింది!

డచ్ కోటా? ఫ్రెంచి కోటా?

స్థానికంగా చాలామంది దీన్ని డచ్ కోట అనే అంటారు. డచ్ వాళ్లు బందరు వచ్చింది 1605లో. అప్పుడు ఇది గోల్కొండ కుతుబ్ షాహీల రేవు. వాళ్లకు కావాల్సింది మన అద్దకపు బట్ట. ఇప్పుడు పెడనలో కనిపించే కలంకారీకి ముందు తరాల సరుకు అది. 1611లో ఇంగ్లీషు వాళ్లు వచ్చారు. 1669లో ఫ్రెంచి వాళ్లు దిగారు. డచ్ వాళ్ల గుర్తుగా బందరులో వాళ్ల సమాధుల తోట ఇప్పటికీ ఉంది. చెక్కిన రాతి పలకలు చూడటానికి బాగుంటాయి.

కానీ 1759 నాటికి యుద్ధం చూసిన కోట రూపం మాత్రం ఫ్రెంచి వాళ్లది. 1750లో బందరు వాళ్ల చేతికొచ్చింది. హైదరాబాద్ సింహాసనం కోసం నిజాం కుటుంబంలో జరిగిన గొడవల్లో ఒక పక్షాన నిలబడినందుకు దక్కిన ప్రతిఫలం. బందరుతో పాటు దివి కూడా వాళ్ల ఖాతాలో పడింది. 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ సర్కార్లు కూడా ఫ్రెంచి సేనాని బుస్సీ పుచ్చుకున్నాడు. చికాకోల్ అంటే ఇప్పటి శ్రీకాకుళం. అంటే కృష్ణ నుంచి ఉత్తరాన తీరమంతా ఫ్రెంచి పెత్తనం. ఆ పెత్తనానికి తాళంచెవి బందరు కోట. అందుకే పాత కోటను యూరప్ పద్ధతిలో బురుజులతో గట్టిపరిచారు.

పడమర, నైరుతి వైపు మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. అటు పర్ర ఉంది కదా, ఎవడొస్తాడు అనుకున్నారు. ఈ ఒక్క ఆలోచన వాళ్ల కొంప ముంచింది.

డబ్బుల్లేవు, మందుగుండు లేదు.. అయినా ముట్టడి!

1758లో ఫ్రెంచి గవర్నర్ లాలీ మద్రాసు మీదకు వెళ్తూ బుస్సీని కూడా తన దగ్గరకు పిలిపించుకున్నాడు. సర్కార్లలో కాన్‌ఫ్లాన్స్ అనే అధికారి మిగిలాడు. ఇదే అదను అని విజయనగరం రాజు ఆనంద గజపతి ఇంగ్లీషు వాళ్లకు కబురు పెట్టాడు. బెంగాల్ నుంచి క్లైవ్ పంపిన దళంతో కల్నల్ ఫోర్డ్ దిగాడు. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సైన్యం ఓడిపోయింది. కాన్‌ఫ్లాన్స్ వెనక్కి తగ్గుతూ తగ్గుతూ చివరికి బందరు కోటలో తలదాచుకున్నాడు.

1759 మార్చి మొదటివారంలో ఫోర్డ్ బందరు చేరాడు. ఇక్కడి నుంచి కథ సినిమా కంటే ఎక్కువ.

ఫోర్డ్ దగ్గర యూరోపియన్ సైనికులు 350 మంది కూడా లేరు. సిపాయిలు సుమారు 1,400. లోపల కాన్‌ఫ్లాన్స్ దగ్గర యూరోపియన్లే 500 దాకా, సిపాయిలు, ఇతరులు కలిపి ఇంకో 2,500 పైన. కోటను ముట్టడించేవాడి కంటే లోపల ఉన్నవాడే బలవంతుడు! పైగా ఫోర్డ్ దగ్గర జీతాలకు డబ్బు లేదు. రాజు గారు ఇస్తానన్న సొమ్ము రాలేదు. దారిలో రావాల్సిన డబ్బు ఫ్రెంచి వాళ్లు రాజమండ్రి వైపు మళ్లీ తిరగడంతో ఆగిపోయింది. మార్చి మధ్యలో అతని సొంత యూరోపియన్ సైనికులే తుపాకులు పట్టుకుని బయటకొచ్చి వెళ్లిపోతామన్నారు. కోట పడితే దొరికిన సొమ్ములో వాటా ఇప్పిస్తానని బతిమాలుకుంటే ఆగారు.

అంతలో ఇంకో పిడుగు. హైదరాబాద్ నుంచి సలాబత్ జంగ్ వేలాది సైన్యంతో ఫ్రెంచి వాళ్లకు సాయంగా బయల్దేరి బెజవాడ దాకా వచ్చేశాడు. బెజవాడకు, బందరుకు మధ్య ఎంత దూరమో చల్లపల్లి వాళ్లకు చెప్పాలా? ముందు కోట, వెనక నిజాం సైన్యం, పక్కన సముద్రం.

ఫోర్డ్ ఫిరంగులను తూర్పు వైపు ఇసుక మేట మీద పెట్టాడు. బరువైన ఫిరంగి నిలబడే గట్టి నేల అక్కడే ఉంది. మార్చి 25 నుంచి కాల్పులు మొదలయ్యాయి. పగలు ఇంగ్లీషు వాళ్లు గోడ కొట్టడం, రాత్రి లోపలి వాళ్లు మట్టి పోసి పూడ్చుకోవడం. మట్టి గోడ గొప్పతనం మళ్లీ ఇదే, ఒక్క రాత్రిలో రిపేరు అయిపోతుంది! ఏప్రిల్ మొదటివారంలో గాలివాన కూడా పడింది. పర్ర మరింత దిగబడేలా తయారైంది. ఏప్రిల్ 7న ఫిరంగి అధికారులు వచ్చి లెక్క చెప్పారు. మిగిలిన మందుగుండు రెండు రోజులకే.

వెళ్లిపోవడమా? తెగించడమా? ఆ రాత్రికే దాడి అని ఫోర్డ్ తేల్చేశాడు.

అర్ధరాత్రి.. బురదలో అడుగులు

అప్పటికే ఒక ముఖ్యమైన సమాచారం దొరికింది. నైరుతి వైపు పర్రను దాటలేరని అందరూ అనుకుంటున్నారు కానీ, స్థానికులు అందులో నడిచే వెళ్తున్నారు! కెప్టెన్ నాక్స్, కెప్టెన్ యార్క్ రాత్రిపూట వెళ్లి స్వయంగా చూసుకున్నారు. బురద ఉంది, కష్టమే, కానీ మనిషి మునిగిపోయేంత కాదు. తీరం మనిషికి రోజూ తెలిసిన విషయం, కోట కట్టిన ఇంజనీర్ల లెక్కలో లేదు.

ప్లాన్ మూడు ముక్కలు. నాక్స్ 700 మంది సిపాయిలతో ఆ పర్రలోంచి వెళ్లి నైరుతి వైపు కాల్పులు మొదలుపెట్టాలి. రాజు గారి మనుషులు ఊరి కట్ట మీద గోల చేయాలి. ఈ రెండూ ఉత్తుత్తివే. అసలు దాడి ఈశాన్య మూలన, ఫిరంగులతో గండి పడిన 'కెమీలియన్' బురుజు మీద. కోటలో అర్ధరాత్రి గంట కొట్టగానే మొదలు.

అసలు దళం కూడా చిత్తడి దాటాల్సిందే. మోకాలి లోతు బురదలో, తుపాకీ తడవకుండా పైకి పట్టుకుని నడిచారు. సగం దారిలో ఉండగానే నాక్స్ వైపు కాల్పులు వినిపించాయి. లోపలి వాళ్ల దృష్టి అటు మళ్లింది. కందకం అంచున గుంజలు పీకుతుండగా గానీ ఇటువైపు వాళ్లకు తెలియలేదు. అప్పటి నుంచి పైనుంచి తూటాల వాన. అయినా బురుజు ఎక్కేశారు. అక్కడి నుంచి ఒక దళం ఎడమకు, ఒక దళం కుడికి, గోడ వెంట ఒక్కో బురుజూ పట్టుకుంటూ పోయారు.

యార్క్ దళం ఇరుకు దారిలో వెళ్తుండగా ఎవడో "మందుపాతర!" అని అరిచాడు. అంతే, మొత్తం దళం వెనక్కి పరుగు. చీకట్లో యార్క్ పక్కన మిగిలింది ఇద్దరు డ్రమ్ము కుర్రాళ్లు. వెనక్కెళ్లి, తిట్టి, బెదిరించి మళ్లీ కొంతమందిని పోగేసి ముందుకు తెచ్చాడు. ఈలోపు అవతలి వాళ్లు ఫిరంగి సిద్ధం చేసుకున్నారు. ఒక్క దెబ్బకు చాలామంది పడిపోయారు. డ్రమ్ము కుర్రాళ్లిద్దరూ చనిపోయారు. యార్క్‌కు రెండు తొడలకూ గాయాలు. చరిత్ర పుస్తకాల్లో యార్క్ పేరుంది. ఆ కుర్రాళ్ల పేర్లు లేవు.

కాన్‌ఫ్లాన్స్‌కు మాత్రం ఏ వైపు అసలు దాడో, ఏది నకిలీదో చివరిదాకా అర్థం కాలేదు. నలుమూలల నుంచి కబుర్లు, ఒకదానికొకటి పొంతన లేదు. తెల్లారేలోపు గౌరవంగా లొంగిపోతానని కబురు పెట్టాడు. షరతుల్లేకుండా అయితేనే, లేదంటే ప్రాణాలతో వదలనని ఫోర్డ్ బెదిరించాడు. లొంగిపోయాడు.

ఏప్రిల్ 8 ఉదయం లెక్క చూస్తే, ఖైదీలు గెలిచినవాళ్ల కంటే ఎక్కువ మంది! దొరికిన ఫిరంగులు 120. ఇంగ్లీషు పక్షాన చనిపోయిన యూరోపియన్లు 22 మంది, సిపాయిలు దాదాపు 50 మంది. రాజు గారి మనుషులు కూడా బాగానే పోయారు. వారం తిరిగేసరికి ఫ్రెంచి ఓడలు సాయం తీసుకుని తీరానికి వచ్చాయి. కోట మీద అప్పటికే వేరే జెండా.

చల్లపల్లికి దీంతో ఏం సంబంధం?

చాలా ఉంది. బెజవాడ దాకా వచ్చిన సలాబత్ జంగ్ కోట పడిపోయిందని తెలియగానే మాట మార్చాడు. 1759 మే 14న ఇంగ్లీషు వాళ్లతో ఒప్పందం. బందరు, నిజాంపట్నం, చుట్టుపక్కల ప్రాంతాలు కంపెనీకి రాసిచ్చాడు. ఫ్రెంచి వాళ్లు కృష్ణ ఇవతల ఉండకూడదని షరతు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాం అలీతో ఇంకో ఒప్పందం. దాంతో సర్కార్ల మీద కంపెనీ హక్కుకు ముద్ర పడిపోయింది.

చల్లపల్లి కేంద్రంగా యార్లగడ్డ వంశం ఏలిన జమీందారీ అసలు పేరు దేవరకోట. ఆ తర్వాతి తరాల్లో ఈ జమీందారీ శిస్తు కంపెనీ ఖజానాకే చేరింది. 1794లో కలెక్టర్లు వచ్చేదాకా ఈ చుట్టుపక్కల పెత్తనమంతా బందరులోని కంపెనీ చీఫ్, కౌన్సిల్ నడిపించాయి. చల్లపల్లిలో ఇప్పటికీ నిలబడి ఉన్న రాజావారి కోట చూసేవాళ్లు, దాని వెనక బందరు కోట నీడ కూడా ఉందని గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

కోట గెలిపించిన ఫోర్డ్‌కు ఏం దక్కింది? లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు అతని నియామకాన్నే ఖాయం చేయలేదు. పదేళ్ల తర్వాత కంపెనీ పని మీదే 'అరోరా' అనే ఓడలో మళ్లీ ఇండియాకు బయల్దేరాడు. 1769 డిసెంబరులో ఆఫ్రికా కొస దాటిన ఆ ఓడ ఎవరికీ కనిపించలేదు.

ఫ్రెంచి వాళ్లకు మాత్రం బందరులో చిన్న ముక్క మిగిలింది. అదే ఫ్రెంచిపేట. 1947 అక్టోబరులో గానీ అది ఇండియా చేతికి రాలేదు.

ఇంగ్లీషోళ్ల మీద ఇంగ్లీషోళ్ల తిరుగుబాటు

తర్వాత యాభై ఏళ్లు కోటలో పెద్ద సందడి లేదు. 1809 జూన్ 25న మాత్రం ఒక వింత జరిగింది. కంపెనీ సొంత యూరోపియన్ రెజిమెంట్ అధికారులు తమ కమాండర్ కల్నల్ ఇన్నెస్‌ను కోటలోనే నిర్బంధించారు. అలవెన్సుల్లో కోతల మీద మద్రాసు సైన్యంలో అప్పటికే మంట ఉంది. దానికి తోడు కొంతమందిని ఓడల మీద డ్యూటీకి పంపాలన్న ఆర్డర్ నిప్పు పెట్టింది. సర్దిచెప్పడానికి మద్రాసు నుంచి జాన్ మాల్కం రావాల్సి వచ్చింది. 1857 కంటే 48 ఏళ్ల ముందు మాట ఇది. తేడా ఏంటంటే, తిరగబడింది తెల్ల దొరలే.

1864 నవంబరు 1.. ఉప్పెన

బందరు కోట చుట్టూ ఉన్న బురదను 1759లో మనుషులు దాటారు. 1864లో సముద్రం దాటింది.

ఆ రోజు రాత్రి తుపాను బందరు దగ్గర తీరం దాటింది. మామూలు పోటు కంటే 13 అడుగుల ఎత్తున ఉప్పెన లేచింది. కొన్నిచోట్ల 17 మైళ్లు లోపలికి నీళ్లు వెళ్లాయి. దాదాపు 780 చదరపు మైళ్ల నేల మునిగింది. చనిపోయినవాళ్లు 30 వేల మంది అని అప్పటి లెక్క. ఆ కాలంలో అది ఎంత పెద్ద సంఖ్యో ఊహించుకోవచ్చు.

కోటకు బలం అనుకున్నవే ఆ రాత్రి శాపాలయ్యాయి. పల్లపు నేల, సముద్రం పక్కనే ఉండటం, నీళ్లు లోపలికి వచ్చే పాయ. శత్రువుకు దారి ఇవ్వకూడదని ఎంచుకున్న చోటు, మనిషి తప్పించుకుని పారిపోవడానికి కూడా దారి ఇవ్వలేదు. ఊరికి వెళ్లే ఒకే ఒక్క కట్ట కూడా నీళ్ల కింద. రాతి దీవి మీద కోట అయితే అల తగిలి విరిగిపోతుంది. ఇక్కడ విరగడానికి ఎత్తైన రాయే లేదు. లోతు తక్కువున్న సముద్రం ఉప్పెనను ఇంకా ఎత్తుకు లేపుతుంది, చదునైన డెల్టా దాన్ని మైళ్ల దూరం జారనిస్తుంది.

ఇది మొదటిసారీ కాదు. 1679లో కూడా బందరును ఇలాంటి ఉప్పెనే ముంచి వేలమందిని తీసుకుపోయింది. చివరిసారీ కాదు. 1977 నవంబరు 19 గురించి దివిసీమ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. సొర్లగొంది, పాలకాయతిప్ప పేర్లు వింటే ఇప్పటికీ పెద్దవాళ్లు కాసేపు మాట్లాడరు. అధికారిక లెక్కే పది వేలు దాటింది. చల్లపల్లి నుంచి పులిగడ్డ దాటితే దివిసీమే.

1864 తర్వాత బందరు కోట మళ్లీ కోలుకోలేదు. కాపలా సైన్యం లేదు, బాగుచేసిన నాథుడు లేడు. మట్టి గోడకు ఒక జబ్బుంది. ఇటుక ముఖం ఒక్కచోట ఊడితే చాలు, వాన నీళ్లు లోపలికి దిగి మొత్తం జారిపోతుంది. సింధుదుర్గ్‌ను వందేళ్లు వదిలేసినా రాయి అలాగే ఉంటుంది. బందరు కోటకు ఏటా మట్టి మెత్తాలి. మెత్తే చేయి ఆగగానే కోట మళ్లీ పర్రలో కలవడం మొదలుపెట్టింది. 11 బురుజుల రూపం ఇప్పుడు నేల మీద వెతుక్కోవాల్సిందే.

వెళ్లి చూడాలంటే..

చల్లపల్లి నుంచి బందరుకు 216 జాతీయ రహదారి మీద బస్సులు దొరుకుతూనే ఉంటాయి. బందరు నుంచి గిలకలదిండి వైపు ఆటో మాట్లాడుకోవచ్చు. ఆయుధాగారం అని చెప్పే ఇటుక భవనం ముందు చూడండి. గోడ మందం గమనించండి, ఇటుక ఊడిన చోట లోపలి మట్టి కనిపిస్తుంది. పక్కనే గిలకలదిండి రేవులో చేపల బోట్లు. కోట కాపలా కాసిన బందరు వ్యాపారపు దారి కూడా ఈ చుట్టుపక్కలదే. కొత్త బందరు పోర్టు పనులు 2023 మేలో ఉత్తరాన మంగినపూడి వైపు మొదలయ్యాయి. పెద్ద ఓడలు ఒడ్డుకు రావాలంటే అక్కడ కూడా ముందు చేయాల్సిన పని సముద్రం అడుగు మట్టి తవ్వడమే!

జనవరి, ఫిబ్రవరి అయితే ఎండ తక్కువ, నేల గట్టిగా ఉంటుంది. వానాకాలంలో వెళ్తే గోడ పక్కకు దిగొద్దు. యార్క్, నాక్స్ దాటారు కదా అని ట్రై చేయాలనిపించినా సరే.. చెప్పులు అందులోనే ఉండిపోతాయి.